బొంబాయి చాళ్లు: వాటాల మేడల చరిత్ర రచనకు ఆధారములు

మన దేశమున చరిత్ర పరిశోధన యనగానే శాసనములు, తామ్రపత్రములు, కైఫీయతులు, నాణెములు స్ఫురించుట సహజము. దేవాలయమునకు శాసనముండును, కోటకు దానిని కట్టించిన రాజు పేరుండును. ఈ ఆధారములను వెదకి, చదివి, పరిష్కరించిన పెద్దలు మనకు మహోపకారము చేసినారు. కాని గడచిన నూటయేబది సంవత్సరములలో లక్షలకొలది జనులు పుట్టి, పెరిగి, గతించిన కట్టడములు వేఱొక తెగవి కలవు. అవి నగరములలోని వాటాల మేడలు. ఒకే కప్పు క్రింద, గదికొక కుటుంబము చొప్పున, పదులకొలది కుటుంబములు అద్దెకుండిన ఇండ్లివి. వీనికి శాసనము లేదు, కైఫీయతు లేదు. అంతమాత్రమున వీనికి చరిత్రయే లేదనుట సరికాదు. చరిత్ర కలదు, అది పలుచోట్ల ముక్కలై యున్నది. ఆ ముక్కలెక్కడ నున్నవి, ఒక్కొక్క ముక్క దేనిని చెప్పును, దేనిని దాచును అను విషయమును బొంబాయిలోని చాళ్లను ఉదాహరణముగా గైకొని విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

బొంబాయినే యేల గైకొనవలె ననగా రెండు కారణములు కలవు. 1995లో ముంబయి యని పేరు మార్చుకొన్న ఆ నగరమున ఇట్టి ఇండ్లు వేలకొలది కలవు. వానికి సంబంధించిన వ్రాతలును తక్కిన నగరములలో కంటె హెచ్చుగా నిలిచినవి. ఇది మొదటి కారణము. రెండవది మనకు మఱింత దగ్గఱది. ఆ నగరమున నేల చదును చేసి, రాయి మోసి, ఇటుక పేర్చిన వారిలో తెలుగువారు వేలమంది. వారి సంతతి నేటికిని అచ్చటి పాత ఇండ్లలో నున్నది. ఐనను ఆ నగర చరిత్రలలో వారు 'కామాటి' యను ఒక్క మాటలో ఇమిడిపోయినారు. ఆ మాటను విప్పిచూచుట తెలుగు పరిశోధకుల పని.

చాళ్ల పుట్టుక

మరాఠీలో 'చాళ్' అనగా గదుల వరుస గల ఇల్లు. దాని సామాన్య లక్షణము లివి: వరుసగా గదులు, వాని ముందు పొడవుగా సాగు ఉమ్మడి వసారా, అంతస్తున కొకచోట ఉమ్మడి కుళాయిలు, మరుగుదొడ్లు, నడుమనో చివరనో కొయ్యమెట్లు. ఒక గదిలో వంట, పడక, పూజ, చదువు, పురుడు అన్నియు జరుగును. వసారా ఇరుగుపొరుగులకు ఉమ్మడి చావడి వంటిది. మన పట్టణములలో 'వాటాల ఇల్లు' అని వ్యవహరించు దానికి ఇది పెద్దన్న.

కవాస్జీ నానాభాయి దావర్ 1854లో స్థాపించిన నూలు మిల్లు 1856లో పని ప్రారంభించెను. పిమ్మట మిల్లులు పెరిగినవి. పనివారు కొంకణము, దక్కను ప్రాంతములనుండి గుంపులుగా వచ్చిరి. వారికి తలదాచుకొన చోటు కావలెను. స్థలము గలవారికి అద్దె కావలెను. ఈ రెండు అవసరముల కలయికచే చాళ్లు పుట్టినవి. వెలుతురు, గాలి అను మాటలు అప్పటి కట్టడపు లెక్కలలో చేరలేదు.

1896లో ప్లేగు వచ్చినది. మాండ్వీలో పొడసూపి నగరమంతయు వ్యాపించినది. జనులు నగరమును విడిచి పాఱిపోయిరి. వర్తకము కుంటుపడెను. అప్పుడుగాని పేదల ఇండ్లు ప్రభుత్వము కంట పడలేదు. 1898లో చట్టము చేసి బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించిరి. ఇది ఇరుకు వాడలను పడగొట్టి వీధులను వెడల్పు చేసినది. కొన్నిచోట్ల తానే చాళ్లను కట్టించినది. 1933లో ఇది పురపాలక సంఘమున విలీనమైనది. 1920లో గవర్నరు జార్జి లాయిడ్ కాలమున బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు ఏర్పడెను. ఏబదివేల ఒంటిగది వాటాలు కట్టవలెనని సంకల్పించి, 207 చాళ్లు కట్టి అది ఆగిపోయెను. వానిలో వర్లీలో 121, నాయగాములో 42, డిలైల్ రోడ్డులో 32, శివడీలో 12 కలవు. చాళ్లు ఒక్కొక్కటి నాలుగంతస్తులవి. ఒక్కొక్కదానిలో 80 గదులు. గది వైశాల్యము సుమారు 160 చదరపు అడుగులు. పాతవి కొయ్య చట్రములు, ఇటుక గోడలు కాగా ఇవి సిమెంటు కాంక్రీటువి.

ఈ విధముగా బొంబాయి చాళ్లలో మూడు తెగలు కలవు: స్వంతదార్లు అద్దెకొఱకు కట్టించినవి, ట్రస్టు కట్టించినవి, ప్రభుత్వశాఖ కట్టించినవి. పరిశోధకుడు మొట్టమొదట తన ముందున్న ఇల్లు వీనిలో ఏ తెగకు చెందినదో నిర్ణయించుకొనవలెను. ఏలయన, తెగనుబట్టి వ్రాతలు దొరకు చోటు మాఱును. ట్రస్టు ఇండ్లకు ట్రస్టు వార్షిక నివేదికలు కలవు. ప్రభుత్వపు చాళ్లకు శాసనసభా చర్చలు, శాఖా నివేదికలు కలవు. స్వంతదార్ల ఇండ్లకు పురపాలక సంఘపు పన్ను చిట్టాలు, దస్తావేజులు, కోర్టు తగవులు తప్ప వేఱు దిక్కు లేదు.

కట్టడమే మొదటి వ్రాత

కాగితములను వెదకుటకు ముందు ఇంటిని చదువవలెను. గోడ మందము, కొయ్య దూలముల కొలత, ఇనుప దూలములపై పోతపోసిన సంస్థ పేరు, పెంకుపై ముద్ర, మెట్ల త్రోవ, వసారా కమ్మి అన్నియు ఏదో ఒక కాలమును సూచించును. కాని ఈ సూచనలను గ్రుడ్డిగా నమ్మరాదు. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరున స్థాపించిన కర్మాగారపు పెంకులపై 1865 అను సంవత్సరము ముద్రితమై కానవచ్చును. అది కర్మాగారము పుట్టిన యేడుగాని ఆ పెంకు కాలిన యేడు కాదు. దానిని చూచి ఇల్లు 1865 నాటిదని వ్రాసినచో పరిశోధకుడు నలుగురిలో నగుబాటు పాలగును.

ఇంటికిని ఇంటికిని నడుమనున్న సందు కూడ సాక్ష్యమే. ట్రస్టు అధ్యక్షుడుగా నుండిన జె. పి. ఓర్, గదిలోనికి వెలుతురు రావలెనన్నచో గోడ మొదటినుండి 63½ డిగ్రీల కోణమున ఆకాశము అడ్డులేక కనబడవలెనను నియమమును ప్రచారము చేసెను. లెక్కకు ఇది ఎదుటి ఇంటి ఎత్తులో సగము మేర ఖాళీ విడువవలె ననుటయే. రెండు మేడల నడుమ చేయి చాచినంత సందు మాత్రమే యున్నచో ఈ నియమము అచ్చట ఎన్నడును అమలు కాలేదని తెలియును. ఆ ఇల్లు నియమమునకు ముందుదో, దానిని తప్పించుకొన్నదో తేల్చుటకు వేఱు ఆధారము కావలెను.

పటములు, చిట్టాలు

బొంబాయి పరిశోధకునకు లభించిన గొప్ప సాధనము కర్నల్ లాటన్ 1865–1872 నడుమ జరిపిన సర్వే పటములు. అంగుళమునకు 40 అడుగుల కొలతతో గీయబడిన ఈ పటములలో ఇల్లు, పెరడు, బావి వేఱువేఱుగ గుర్తింపబడినవి. నేడు నిలిచియున్న ఇంటి ఆకృతిని ఈ పటముపై నుంచి చూచినచో అది అప్పటికే యుండెనా, లేదా అచ్చట మైదానమో తోటయో యుండెనా అనునది తేలును. తర్వాతి సర్వేలలోని స్థల సంఖ్య దొరకినచో, దానిని పట్టుకొని పన్ను చిట్టాలలోనికి ప్రవేశింపవచ్చును.

1888 నాటి పురపాలక శాసనము ప్రకారము క్రొత్త ఇల్లు కట్టదలచినవాడు ముందుగా పురపాలక సంఘమునకు తెలియజేసి పటములు దాఖలు చేయవలెను. అవి నిలిచియున్నచోట కట్టడపు పుట్టుక తేదీ, కట్టించినవాని పేరు, పటము గీసినవాని పేరు ఒకేచోట లభించును. పన్ను చిట్టాలలో యజమాని పేరు, ఇంటి అద్దె విలువ, మార్పులు ఏటేట కనబడును. ఒక యేడు పన్ను హఠాత్తుగ పెరిగినచో అంతస్తు లేచినదేమోనని అనుమానింపవలెను.

ఇచ్చట నాకు జరిగిన ఒక పొరపాటును చెప్పుట విద్యార్థుల కుపయోగించునని తలచుచున్నాను. కొన్నేండ్ల క్రిందట కామాటిపురాలో ఒక మేడను చూచితిని. నొసట సున్నపు పూతలో 1926 అని స్పష్టముగా నుండెను. నేను సంతోషించి ఆ సంవత్సరమును పుస్తకమున వ్రాసికొని, ఇంటి ముచ్చట ముగిసినదని తలచితిని. తర్వాత లాటన్ పటమును చూడగా వెనుక సగము అదే ఆకృతితో, అదే బావితో అచ్చట కనబడెను. అనగా ఇల్లు పటముకన్న పాతది. ముందుభాగమును పెంచి పై అంతస్తు లేపినవాడు తన సంవత్సరమును నొసట వ్రాయించుకొన్నాడు. ఇంటి నొసటనున్న యేడు పలుమార్లు కట్టినవానిది కాదు, మార్చినవానిది. గుడిగోడపై శాసనమున్నంత మాత్రమున గుడి అంతయు ఆ శాసనకాలము నాటిది కాదని మనకు తెలియును. ఆ వివేకమునే ఇండ్ల విషయమున మఱచితిని.

అద్దెకున్నవారి జాడ

ఇంతవఱకు చెప్పిన ఆధారము లన్నియు గోడలను, యజమానులను గూర్చినవి. పటము స్థలము కొఱకు గీసినది. చిట్టా పన్ను కొఱకు వ్రాసినది. నోటీసు అనుమతి కొఱకు ఇచ్చినది. వీనిలో ఏదియు 'ఇచ్చట ఎవరుండిరి?' అని అడుగలేదు. అడుగని ప్రశ్నకు ఉత్తరము దొరకదు. కావున అద్దెకున్నవారి చరిత్రకు వేఱు దారులు వెదకవలెను.

మొదటిది జనాభా లెక్కలు, సర్వేలు. 1911 జనాభా లెక్కల నాటికి బొంబాయి ప్రజలలో నూటికి సుమారు డెబ్బదిమంది ఒంటిగది వాటాలలో నుండిరి. 1925లో ప్రచురింపబడిన బర్నెట్ హర్‌స్ట్ గ్రంథము కూలివారి జీతములను, ఇండ్లను, అద్దెలను పరిశీలించినది. ఇవి సమూహమును చూపునుగాని మనిషిని చూపవు.

రెండవది ప్రసిద్ధుల జీవితచరిత్రలు. డాక్టరు అంబేడ్కర్ పరేలులోని ట్రస్టు చాళ్‌లో ఇరువది యేండ్లకు పైగా నివసించెను. 1930ల శాసనోల్లంఘన కాలమున వర్లీ చాళ్లలో కొన్ని తాత్కాలికముగా జైలుగా మాఱినవి. ఇట్టి సందర్భములలో చాళ్ గది చరిత్ర పుటల కెక్కును. కాని అంబేడ్కర్ గది ప్రక్క గదిలో నున్నవా రెవరు? చరిత్రకు కావలసినది ఆ ప్రక్కగది కూడ.

మూడవది అద్దె రశీదు. దీని విలువను గ్రహించుటకు అద్దె చట్టముల కథ తెలియవలెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1918లో, అద్దెలను అదుపు చేయు చట్టము వచ్చెను. 1947 నాటి బొంబాయి అద్దె చట్టము 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి అద్దెను ప్రమాణముగా గైకొనెను. దానివలన పేదవాడు వీధిలో పడకుండ నిలిచెను. కాని అద్దె పెరుగనందున యజమాని మరమ్మతు మానెను. గది హక్కు చేతులు మాఱునప్పుడు రహస్యముగ సొమ్ము పుచ్చుకొను 'పగిడీ' పద్ధతి వేళ్లూనెను. ఇండ్లు కూలసాగినవి. 1969లో మరమ్మతుల మండలిని స్థాపించు చట్టమును చేసి, ఇండ్లపై సెస్సు విధించిరి. అప్పటి లెక్కకు వచ్చిన ఇండ్లు 19,642. వానిలో 1940 సెప్టెంబరు 1కి ముందు కట్టినవి 16,502. 1947 చట్టమునకు బదులు మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము 2000 మార్చి 31నుండి అమలునకు వచ్చెను.

ఈ లెక్కలో పరిశోధకుడు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. సెస్సు చిట్టాలో ఒక ఇల్లు 'ఎ' తరగతి అని యున్నచో అది 1940కి ముందుదని మాత్రమే అర్థము. 1939 నాటిదైనను 1869 నాటిదైనను తరగతి ఒక్కటే. చట్టమునకు ఆ భేదముతో పనిలేదు. చరిత్రకు పనియంతయు ఆ భేదముతోనే.

అద్దె స్తంభించినందున ఒకే కుటుంబము మూడు నాలుగు తరములు ఒకే గదిలో నిలిచెను. తాతపేరి రశీదు మనుమని పెట్టెలో భద్రముగ నుండెను. స్మాల్ కాజెస్ కోర్టులో అద్దె తగవు నడచినచో, ఆ కాగితములలో గదిలో నున్నవారి పేర్లు, వారి సంబంధములు, వచ్చిన కాలము, పోయిన కాలము సాక్షుల నోట వినబడును. రాజుల వంశావళికి దానశాసన మెట్టిదో, చాళ్ కుటుంబ వంశావళికి ఈ కాగితములట్టివి.

'కామాటి' యను పేరు

ఐనను రశీదు కూడ పూర్తిగ నిజము చెప్పదు. నేను పైన పేర్కొన్న కామాటిపురా మేడలోనే ఒక వృద్ధురాలు తన రేకుపెట్టె తెఱచి, నూలుదారముతో కట్టిన రశీదుల కట్టను నా ముందుంచెను. పాత రశీదులలో ఆమె మామగారి పేరును, ఇంటిపేరు ఉండవలసిన చోట 'కామాటి' అనియు నుండెను. మీ ఇంటిపేరు ఇదియేనా అవ్వా యని నేనడుగగా ఆమె నవ్వి, "గది మా ఇంటిపేరు కాదు బిడ్డా. నువ్వెవరని గుమాస్త అడిగిండంట, కామాటోణ్ణని మా మామ చెప్పిండంట, గదే రాసిండు" అనెను.

ఈ రెండు వాక్యములు నేను చదివిన నివేదికల కొఱత నెత్తిచూపినవి. కామాటి యను మాటకు కూలివాడు, మట్టిపని చేయువాడు అని అర్థము. అది కులనామము కాదు, ఇంటిపేరు కాదు, ఊరిపేరు కాదు. 1909–1910లో వెలువడిన బొంబాయి గెజిటీరు, నిజాము రాష్ట్రమునుండి పదునెనిమిదవ శతాబ్ది చివర వచ్చి స్థిరపడిన కామాటీల వలన కామాటిపురాకు ఆ పేరు వచ్చినదని చెప్పుచున్నది. హార్న్‌బీ కట్ట వలన సముద్రపు నీరు ఆగి, పల్లపు నేలలు ఆరినపిమ్మట ఈ వాడ పెరిగినది. పోటునీటిలో మునిగియుండిన నేలను ఊరుగా మార్చిన వారి వృత్తియే ఆ వాడకు పేరైనది. తర్వాతి కాలమున ఆ వాడ వేఱొక కారణమున లోకమున పేరుమోసినది. ఆ ప్రచారము క్రింద మొదటి కథ కప్పబడినది.

'కామాటి' యను ఒక్క మాట క్రింద పలు కులములవారు, పలు జిల్లాలవారు కలరు. పేర్లు మరాఠీ వ్రాతలో చేరునప్పుడు ఇంటిపేర్లు కొన్ని రూపు మాఱినవి, కొన్నింటికి 'వార్' అను తుది చేరినది, కొన్ని లోపించినవి. కావున చిట్టాలలో తెలుగువారిని వెదకువాడు పేరుచూచి మాత్రమే తీర్పు చెప్పరాదు. ఒకే కుటుంబము ఒక చిట్టాలో కామాటియై, మఱొక చిట్టాలో తెలంగియై, వేఱొకచో మరాఠీవారై కనబడవచ్చును.

భాషాశాస్త్రమున కామాటి పేరు మఱొక విధముగ నిలిచినది. గ్రియర్సన్ భాషా సర్వేక్షణములో, స్టెన్ కొనో సిద్ధపఱచిన నాలుగవ సంపుటము (1906) తెలుగు మాండలికములను పేర్కొనునపుడు బొంబాయి ప్రాంతమున ఇటుకపనివారు మాటాడు 'కామాఠీ'ని కూడ చేర్చినది. నగర చరిత్రకారులు వారిని కూలివారుగా లెక్కించిరి. భాషావేత్తలు వారి నోటి మాటను లెక్కించిరి. ఈ రెండు లెక్కలను కలిపి చదివినవారు అరుదు. చాళ్‌లోని గది, ఆ గదిలోని మాట అను రెండును ఒకే మనుష్యులవి గదా!

వీరందఱును కూలివారే యనుకొనుటయు పొరపాటు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజమును స్థాపించినపుడు బొంబాయిలో దానికి అండగా నిలిచిన వారిలో వెంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు అను తెలుగు గుత్తేదారులు కలరు. కూలిపని చేయవచ్చిన జనములోనుండి కట్టడములు గుత్తకు పట్టు స్థాయికి ఎదిగినవారు, సంఘ సంస్కరణకు ధనము వెచ్చించినవారు పుట్టిరి. గుత్తేదారు పేరు మరాఠీ సంస్కరణోద్యమ చరిత్రలో దొరకుచున్నది. అతని క్రింద ఇటుక మోసిన వారి పేర్లకై ఆ రేకుపెట్టెనే ఆశ్రయింపవలెను.

ఆధారముల తూనిక

పై విచారణనుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. ప్రతి వ్రాతయు తన అవసరము కొఱకు పుట్టినది. ఆ అవసరమేదో తెలిసికొననిదే దానిని సాక్ష్యముగ గైకొనరాదు. కట్టడమునకు ఒకే పుట్టుక తేదీ యుండదు. పునాదికొకటి, అంతస్తునకొకటి, నొసటికొకటి యుండును. పటమును చిట్టాతోను, చిట్టాను రశీదుతోను, రశీదును నోటి మాటతోను సరిచూడవలెను. ఇవి విభేదించినచోట ఒకదానిని త్రోసివేయుటకు తొందరపడక, విభేదమునకు కారణము వెదకవలెను. 'కామాటి' యను మాట తప్పుగా వ్రాయబడినదని కొట్టివేసినచో, అడిగిన గుమాస్తా కథయు, చెప్పిన మామగారి కథయు రెండును పోవును. అన్నిటికన్న ముఖ్యమైనది, ఇంటి చరిత్ర యజమాని పేరుతో మొదలైనను అద్దెకున్నవాని పేరుతోగాని పూర్తి కాదు.

నోటి మాటను గూర్చి మన విద్యాలయములలో నేటికిని కొంత చులకన భావము కలదు. వృద్ధులు సంవత్సరములను పొరబడుదురనుట నిజమే. కాని గదిలో ముందెవరుండిరి, కుళాయి ఎప్పుడు వచ్చినది, ఏ అంతస్తువారు ఏ ఊరివారు, 1982లో మొదలైన మిల్లుల సమ్మెలో ఏ గదులు ఖాళీయైనవి అను విషయములను వారు చెప్పినట్లు ఏ నివేదికయు చెప్పదు. సంవత్సరమును చిట్టా చెప్పును. సంగతిని అవ్వ చెప్పును. రెండును కావలెను.

కాలము మించకుండ

ఈ పరిశోధనకు గడువున్నది. ప్రభుత్వపు చాళ్లను తొలగించి ఎత్తైన మేడలు కట్టు పని సాగుచున్నది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబములకు క్రొత్త ఇండ్ల తాళములు అందినవి. కామాటిపురాలోను పాత ఇండ్లను తొలగించి క్రొత్తవి కట్టు ప్రణాళిక కలదు. 160 చదరపు అడుగులలో ముగ్గురు తరములవారు ఒదిగి బ్రతికిన కుటుంబమునకు స్వంత మరుగుదొడ్డి గల ఇల్లు వచ్చుట సంతోషింపదగినది. గతము అందముగా నుండెనని చెప్పి ఆ ఇరుకును నిలుపుమనుట పరిశోధకునకు తగదు. కాని ఇల్లు కూలునపుడు గోడ యను మొదటి ఆధారము పోవును. కుటుంబములు చెదరినపుడు నోటి మాట పోవును. క్రొత్త ఇంటికి మాఱునపుడు రేకుపెట్టె పాతసామానులవాని తక్కెడ కెక్కవచ్చును.

మఱొక సంగతి. క్రొత్త ఇంటికి తాము అర్హులమని నిరూపింపవలసివచ్చినపుడు ఆ కుటుంబములకు ఈ పాత కాగితములే దిక్కు. రశీదులోని 'కామాటి'యు, నేటి గుర్తింపు కాగితములోని ఇంటిపేరును ఒకే వంశమునకు చెందినవని చూపవలెను. చరిత్రకారుడు తీరికగా అడుగు ప్రశ్న వారికి నిలువ నీడకు సంబంధించిన ప్రశ్న. నేను ఆ అవ్వ రశీదులను సంవత్సర క్రమమున అమర్చి, ఒక పట్టిక వ్రాసి, ఒక ప్రతిని ఆమెకిచ్చి ఒక ప్రతిని నాకుంచుకొంటిని. నా పరిశోధనకు ఉపయోగించిన ఆ పట్టిక ఆమె మనుమనికి అంతకంటె నెక్కువగా ఉపయోగింపవచ్చును.

ఈ పద్ధతి బొంబాయికే పరిమితము కాదు. మన హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు వాడలను తొలగించి పేదలకు ఇండ్లు కట్టించెను. ఆ కాలముననే లెనార్డ్ మన్ ఆధ్వర్యమున నగరపు సర్వే పటములు తయారైనవి. పటము, నివేదిక, ఇల్లు, నివాసి అను నాలుగు ఆధారములు అచ్చటను కలవు. ప్రతి విద్యార్థియు తన వీధిలోని ఒక్క పాత మేడను గైకొని, దాని గదులలో ఎవరెవరుండిరో వ్రాసినను చాలును.

శాసనములు రాతిపై నున్నవి గనుక అవి మన కొఱకు వేచియుండినవి. అద్దె రశీదులకు ఆ ఓపిక లేదు. నేను మరల పోవునప్పటికి ఆ మేడ యుండకపోవచ్చును. పట్టికలో మొదటి పేరు ఎదుట 'కామాటి' యను మాటను కొట్టివేయక అట్లే యుంచి, దాని ప్రక్కన అవ్వ చెప్పిన అసలు ఇంటిపేరును వ్రాసితిని.